కేసు పెట్టాలా, వద్దా? సియాటిల్ ప్రాసిక్యూటర్ కుర్చీకి ఉన్న అసలు బలం

క్లుప్తంగా: అమెరికాలో కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రాసిక్యూటర్ అంటే చాలా రాష్ట్రాల్లో జనం ఓట్లేసి ఎన్నుకునే అధికారి. మన దగ్గర పోలీసులు, ప్రభుత్వం, మేజిస్ట్రేట్ పంచుకునే పనుల్లో పెద్ద భాగం అక్కడ ఆ ఒక్క కుర్చీకే ఉంటుంది. సియాటిల్ నగరమున్న కింగ్ కౌంటీలో 1979 నుంచి ఈ పదవికి ఎన్నికైంది ముగ్గురే. కోర్టులో వాళ్లు తీసుకున్న నిర్ణయాలనూ, కోర్టు బయట చేపట్టిన సామాజిక కార్యక్రమాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే అధికారం నుంచి వచ్చినవని తెలుస్తుంది.

తెలుగువారు ఈ పదవి పేరు విన్నది ఎప్పుడు?

2023 జనవరి 23 రాత్రి సియాటిల్‌లోని సౌత్ లేక్ యూనియన్ ప్రాంతంలో రోడ్డు దాటుతున్న ఆంధ్రప్రదేశ్ విద్యార్థిని ఒకరు పోలీసు వాహనం ఢీకొని మరణించారు. ఆ వీధిలో వేగ పరిమితి గంటకు 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు. వాహనం 74 మైళ్ల వేగాన్ని, అంటే దాదాపు 119 కిలోమీటర్లను అందుకున్నట్టు దర్యాప్తులో తేలింది. ఈ మరణం గురించి మరో పోలీసు అధికారి ఫోన్లో నవ్వుతూ మాట్లాడిన రికార్డింగ్ ఆ ఏడాది సెప్టెంబరులో బయటికి రావడంతో ఇక్కడా అక్కడా ఆగ్రహం పెల్లుబికింది. సరిగ్గా అదే సమయంలో తెలుగు పాఠకులకు ఒక కొత్త హోదా పేరు తరచూ కనిపించసాగింది: కింగ్ కౌంటీ ప్రాసిక్యూటింగ్ అటార్నీ.

2024 ఫిబ్రవరి 21న ఆ హోదాలో ఉన్న లీసా మానియన్, వాహనం నడిపిన అధికారిపై క్రిమినల్ కేసు పెట్టడం లేదని ప్రకటించారు. ఎవరీ మానియన్, జడ్జి కాదు కదా, కేసు ఉందో లేదో ఆమె ఎలా తేలుస్తారు అన్నది చాలామందికి వచ్చిన సందేహం. తర్వాత సియాటిల్ సిటీ అటార్నీ కార్యాలయం అదే అధికారికి నిర్లక్ష్యంగా వాహనం నడిపినందుకు 5,000 డాలర్ల జరిమానా నోటీసు ఇచ్చింది. నవ్విన అధికారి ఉద్యోగం 2024 జులైలో, వాహనం నడిపిన అధికారి ఉద్యోగం 2025 జనవరిలో పోయాయి. ఒకే మరణం మీద మూడు కార్యాలయాలు మూడు రకాలుగా స్పందించడంతో గందరగోళం ఇంకా పెరిగింది. జవాబు కావాలంటే ముందు ఆ పదవి సంగతి చూడాలి.

ఎవరి పని ఏది

కింగ్ కౌంటీ జనాభా సుమారు 23 లక్షలు. సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్, కెంట్, సమామిష్ సహా 39 నగరాలు, పట్టణాలు దాని పరిధిలో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉద్యోగాల వల్ల వేల సంఖ్యలో తెలుగు కుటుంబాలు ఉంటున్నది ఇక్కడే. కౌంటీ మొత్తానికి ఒక ప్రాసిక్యూటింగ్ అటార్నీ ఉంటారు, పదవీకాలం నాలుగేళ్లు. హత్య, అత్యాచారం, దోపిడీ లాంటి పెద్ద నేరాలన్నీ ఆ కార్యాలయానివే. నగరంలో జరిగే చిన్న నేరాలు, ట్రాఫిక్ ఉల్లంఘనలు సిటీ అటార్నీ చూసుకుంటారు. సియాటిల్‌లో ఆ పదవికీ విడిగా ఎన్నిక ఉంది. పోలీసు ఉద్యోగంలో ఉంచాలా, తీసేయాలా అన్నది పోలీసు శాఖ క్రమశిక్షణ వ్యవహారం. కౌంటీ ప్రాసిక్యూటర్ కార్యాలయం క్రిమినల్ కేసులతో పాటు సివిల్ వ్యాజ్యాల్లో కౌంటీ ప్రభుత్వం తరఫున వాదిస్తుంది కూడా. మన జిల్లా కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) పని, ప్రభుత్వ ప్లీడరు పని ఒకే గొడుగు కిందికి తెచ్చినట్టన్నమాట.

వీటికి తోడు ఫెడరల్ ప్రాసిక్యూటర్లు వేరే ఉన్నారు. వాళ్లను అధ్యక్షుడు సెనేట్ ఆమోదంతో నియమిస్తారు. 2013లో న్యూయార్క్‌లో భారత దౌత్యవేత్త దేవయాని ఖోబ్రగడే కేసు నడిపిన ప్రీత్ భరారా ఆ కోవకు చెందినవారు. అన్ని రాష్ట్రాల్లోనూ ఎన్నికలుంటాయని అనుకోవడమూ సరికాదు. తెలుగువారు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో కౌంటీ ప్రాసిక్యూటర్‌ను గవర్నరే ఐదేళ్లకు నియమిస్తారు.

వాషింగ్టన్ రాష్ట్రంలో పోలీసులు దర్యాప్తు ఫైలు తెచ్చి ప్రాసిక్యూటర్ ముందు పెడతారు. పెద్ద నేరంలో అభియోగపత్రం వేసేది ప్రాసిక్యూటరే. దానికి ప్రమాణం ఏమిటో రాష్ట్ర చట్టంలోనే రాసి ఉంది. మనుషులపై జరిగిన నేరమైతే, కోర్టులో చెల్లే సాక్ష్యం ఉండాలి. నిందితుడి తరఫు లాయరు లేవదీయగల బలమైన వాదనను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ తర్వాత కూడా నిష్పాక్షికంగా ఆలోచించే జ్యూరీ (తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం) శిక్షిస్తుందన్న పరిస్థితి కనిపిస్తేనే కేసు వేయాలి. 1981లో వచ్చిన శిక్షల సంస్కరణ చట్టంలో భాగం ఇది. అంటే ప్రాసిక్యూటర్ తన గదిలో కూర్చుని విచారణ మొత్తాన్ని ముందే ఒకసారి ఊహించుకుని, గెలుస్తామా లేదా అని తేల్చుకోవాలి.

విద్యార్థిని కేసు ఆగిపోయింది ఈ మెట్టు మీదే. వాహనంతో ప్రాణం తీసిన నేరం అక్కడ రుజువు కావాలంటే డ్రైవరు మత్తులో ఉండాలి, లేదా ప్రమాదమని తెలిసీ లెక్కచేయకుండా నడిపి ఉండాలి, లేదా ఇతరుల భద్రతను పట్టించుకోకుండా నడిపి ఉండాలి. మామూలు నిర్లక్ష్యం సరిపోదు. అధికారి మత్తుమందు ఓవర్‌డోస్ కాల్‌కు వెళ్తున్నాడు, వాహనంపై అత్యవసర లైట్లు వెలుగుతున్నాయి, అత్యవసర వాహనాలు వేగ పరిమితి దాటడానికి చట్టం కొంత వెసులుబాటు ఇస్తుంది. వీటన్నిటి మధ్య అతని మనఃస్థితిని సందేహానికి తావులేకుండా రుజువు చేయలేమన్నది మానియన్ కార్యాలయం నిర్ణయం. ఫోన్లో నవ్వు ఎంత జుగుప్సాకరమైనదైనా, అది వేరే అధికారి మాట. డ్రైవరు నేరానికి అది సాక్ష్యం కాదు. ఈ తర్కాన్ని ఒప్పుకోవచ్చు, తప్పుపట్టవచ్చు. గంటకు 74 మైళ్ల వేగమే పట్టనితనానికి రుజువు కాదా అన్న ప్రశ్నను కనీసం జ్యూరీకి వదిలి ఉండాల్సిందని వాదించడానికి చోటుంది. ఆ చోటు ఉంది కాబట్టే ఈ పదవిలో ఎవరు కూర్చుంటారన్నది ముఖ్యమవుతుంది.

పాల రైతుల ఇంటి నుంచి

మానియన్ ఆ కుర్చీలోకి వచ్చిన దారి చూడాలంటే నార్మ్ మలెంగ్ దగ్గర మొదలుపెట్టాలి. 1938లో పుట్టిన మలెంగ్ పెరిగింది కెనడా సరిహద్దుకు దగ్గర్లో ఆక్మీ అనే చిన్న ఊళ్లో, పాడి పశువులు పెంచే కుటుంబంలో. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చదివి, సైన్యంలో పనిచేసి, తర్వాత అదే విశ్వవిద్యాలయంలో లా పూర్తిచేశారు. కొన్నాళ్లు అమెరికా సెనేట్ వాణిజ్య కమిటీలో పనిచేసి, 1971లో కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ కార్యాలయంలో సివిల్ విభాగానికి అధిపతిగా చేరారు. 1978 ఎన్నికల్లో రిపబ్లికన్‌గా గెలిచి, 2007 మే 24న గుండెపోటుతో చనిపోయేదాకా 28 ఏళ్లు ఆ పదవిలోనే ఉన్నారు. ఆ కాలంలో కౌంటీ క్రమంగా డెమోక్రాట్ల కంచుకోటగా మారింది. అయినా ఆయన ఓడలేదు. గవర్నర్ పదవికి రెండుసార్లు, రాష్ట్ర అటార్నీ జనరల్ పదవికి ఒకసారి ప్రయత్నించి మాత్రం నెగ్గలేకపోయారు. కౌంటీ ఓటరు ఆయనను పార్టీ మనిషిగా కాక ప్రాసిక్యూటర్‌గానే చూశాడని దీన్నిబట్టి అనుకోవచ్చు.

లైంగిక నేరాలకు ప్రత్యేక విభాగాన్ని దేశంలో తొలినాళ్లలో పెట్టిన కార్యాలయాల్లో ఆయనది ఒకటి. 1989లో టకోమాలో ఒక పిల్లవాడిపై పాత నేరస్తుడు చేసిన దారుణం తర్వాత గవర్నర్ వేసిన కార్యదళానికి మలెంగ్ అధ్యక్షత వహించారు. దాని సిఫార్సులతోనే 1990లో లైంగిక నేరస్తుల వివరాల నమోదు, శిక్ష ముగిసినా ప్రమాదకారులనుకున్నవారిని సివిల్ ఉత్తర్వుతో నిర్బంధంలో ఉంచడం లాంటి నిబంధనలతో చట్టం వచ్చింది. ఆ చివరి నిబంధన మీద పౌరహక్కుల సంఘాల అభ్యంతరాలు చాలాకాలం నడిచాయి. అలా కఠినంగా పేరున్న మనిషే 1994లో డ్రగ్ కోర్టుకు తలుపు తీశారు. మత్తుకు బానిసైన నిందితుడు కోర్టు పర్యవేక్షణలో చికిత్స పూర్తిచేస్తే కేసు కొట్టేసే పద్ధతి అది. జైలు బదులు చికిత్స అన్న మాట అప్పటికి రాజకీయంగా అంత లాభసాటిది కాదు.

48 హత్యలు, ఒక ఒప్పందం

మలెంగ్ జీవితంలో అన్నిటికంటే బరువైన నిర్ణయం గ్రీన్ రివర్ హంతకుడిది. 1980ల మొదట్లో సియాటిల్ దక్షిణాన నదీతీరంలో, అడవి అంచుల్లో యువతుల శవాలు వరుసగా దొరికాయి. చాలామంది ఇల్లు విడిచివచ్చిన అమ్మాయిలు, వ్యభిచార వృత్తిలో చిక్కుకున్నవారు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత డీఎన్‌ఏ పరీక్షతో 2001 నవంబరు 30న గ్యారీ రిడ్జ్‌వే దొరికాడు. మరణశిక్ష విషయంలో బేరం ఉండదని మలెంగ్ మొదట బహిరంగంగానే చెప్పారు.

2003 నాటికి సాక్ష్యం నిలిచినది ఏడు హత్యలకే. మిగిలిన కుటుంబాలకు తమ బిడ్డను ఎవరు చంపారో, శవం ఎక్కడుందో కోర్టులో తేలే దారి లేదు. రిడ్జ్‌వే లాయర్లు ఒక ప్రతిపాదన తెచ్చారు: మరణశిక్ష అడగకపోతే అతను మిగతా హత్యలన్నీ ఒప్పుకుంటాడు, చోట్లు చూపిస్తాడు. ఆ ఏడాది జూన్‌లో ఒప్పందం కుదిరింది. తర్వాత నెలల తరబడి అతన్ని దర్యాప్తు బృందం ఆఫీసులోనే రహస్యంగా ఉంచి ప్రశ్నించారు. అతను చూపిన చోట్ల కొందరి అవశేషాలు బయటపడ్డాయి. నవంబరు 5న కోర్టులో 48 హత్యలు ఒప్పుకున్నాడు. డిసెంబరులో 48 యావజ్జీవ శిక్షలు పడ్డాయి. బాధిత కుటుంబాలు రెండుగా చీలాయి. కొందరికి జవాబు దొరికింది, కొందరికి అన్యాయంగా తోచింది.

జ్యూరీ లేదు, సాక్షుల విచారణ లేదు. తేల్చింది ప్రాసిక్యూటర్. అమెరికా రాష్ట్ర కోర్టుల్లో పెద్ద నేరాలకు పడే శిక్షల్లో నూటికి తొంభైకి పైగా ఇలా నేరం ఒప్పుకోవడం ద్వారానే వస్తాయి. కాబట్టి రిడ్జ్‌వే ఉదంతం పరిమాణంలో అసాధారణమే గానీ పద్ధతిలో కాదు. దాని ప్రభావం మాత్రం కౌంటీ దాటింది. 48 మందిని చంపినవాడు బతికి ఉంటే ఒకరినో ఇద్దరినో ముగ్గురినో చంపినవాడికి ఉరి ఎలా న్యాయం అని ఇతర ముద్దాయిల లాయర్లు అడిగారు. 2006లో రాష్ట్ర సుప్రీంకోర్టు 5-4 తేడాతో మరణశిక్షను నిలబెట్టింది. 2018లో అదే కోర్టు, ఆ శిక్ష అమలు జాతి వివక్షతో, ఇష్టారాజ్యంగా ఉందంటూ ఏకగ్రీవంగా కొట్టేసింది. 2023లో శాసనసభ దాన్ని చట్టం నుంచే తీసేసింది.

సేవ అంటే ఇక్కడ అర్థం వేరు

ప్రజాపదవిలో ఉన్నవారి సామాజిక సేవ అంటే మామూలుగా రక్తదాన శిబిరాలు, దానాలు, సభల్లో ప్రసంగాలు గుర్తొస్తాయి. ప్రాసిక్యూటర్ విషయంలో ఆ కొలత చాలదు. ఎవరిపై కేసు పెట్టకూడదో నిర్ణయించే అధికారం చేతిలో ఉన్నప్పుడు, కేసు పెట్టే బదులు ఏం చేయాలన్నదే అసలు సేవ అవుతుంది. దానికి బయటి సంస్థలు, చర్చిలు, మాజీ ఖైదీలు, చికిత్సా కేంద్రాలు కావాలి.

మలెంగ్ తర్వాత వచ్చిన డాన్ సాటర్‌బర్గ్ దీన్ని చాలా దూరం తీసుకెళ్లారు. 1985లో ఆ కార్యాలయంలో చేరి, మలెంగ్ దగ్గర ఏళ్లతరబడి చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉండి, 2007 చివర్లో ఎన్నికైన ఆయన 2023 జనవరి దాకా కొనసాగారు. ఆయన హయాంలో 2011లో సియాటిల్‌లోని బెల్‌టౌన్‌లో మొదలైన లీడ్ కార్యక్రమం తర్వాత అమెరికాలో చాలాచోట్ల నమూనా అయింది. మత్తు పదార్థాలతో, చిల్లర నేరాలతో పట్టుబడ్డ మనిషిని పోలీసు జైలుకు కాకుండా నేరుగా ఒక కేస్ వర్కర్ దగ్గరికి పంపుతాడు. ఇల్లు, చికిత్స, గుర్తింపు కార్డు లాంటి పనులు ఆ వర్కర్ చూస్తారు. డ్రగ్ కోర్టుకూ దీనికీ తేడా ఉంది. డ్రగ్ కోర్టులో కేసు పడ్డాక చికిత్స మొదలవుతుంది. ఇక్కడ అసలు కేసే పడదు. అదే ఏడాది మొదలైన వన్ ఎయిటీ కార్యక్రమంలో చిన్న నేరాలు చేసిన కుర్రాళ్లు ఒక వర్క్‌షాప్‌కు వస్తే అభియోగం వేయరు. అక్కడ వాళ్లతో మాట్లాడేది లాయర్లు కాదు, అదే వీధుల్లో పెరిగి దారి మార్చుకున్న స్థానికులు.

2018లో సాటర్‌బర్గ్ ఇంకో అడుగు వేసి, ఒక గ్రాము కన్నా తక్కువ మత్తుపదార్థం దొరికితే కేసు పెట్టబోమని చెప్పారు. అప్పటికే ఆయన చెల్లెలు మత్తు అలవాటుతో కష్టపడి చనిపోయారు. ఆ విషయం ఆయన దాచుకోలేదు. ఆ ఏడాదే ఆయన రిపబ్లికన్ పార్టీ వదిలి డెమోక్రాట్ అయ్యారు. అంతకుముందే, 2016లో, కౌంటీ మూల నియమావళి (చార్టర్) సవరణతో ఈ పదవి ఎన్నికల్లో పార్టీ గుర్తింపు తీసేశారు.

వ్యతిరేకత కూడా గట్టిగానే వచ్చింది. 2021లో మొదలైన మరో పథకంలో కొన్ని పెద్ద నేరాల్లో కూడా మైనర్లను కోర్టుకు బదులు సామాజిక సంస్థలకు పంపడం మొదలైంది. తమను సంప్రదించకుండా, బాధితుల మాట వినకుండా ఇలా చేస్తున్నారని శివారు నగరాల మేయర్లు కొందరు అభ్యంతరం చెప్పారు. విమర్శలో పస ఉంది. కోర్టులో తీర్పు వస్తే దాన్ని చదవచ్చు, అప్పీలు చేయవచ్చు. కోర్టు బయట సర్దుబాటైతే బాధితుడికి దక్కేది ఒక ఫోన్ కాల్ మాత్రమే కావచ్చు. ఈ పథకాలు మంచివా చెడ్డవా అని గంపగుత్తగా తేల్చడం కన్నా, ఏ నేరానికి, ఎవరి సమ్మతితో, ఎన్నిసార్లు అని విడదీసి చూడటం మేలు.

లోపలివారికే పీఠం

మానియన్ ప్రయాణం కూడా ఇదే ఇంట్లో. దక్షిణ కొరియాలో పుట్టిన ఆమె 1990ల మధ్యలో ఈ కార్యాలయంలో చేరి, సాటర్‌బర్గ్ దగ్గర చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా పనిచేసి, 2022 నవంబరులో గెలిచారు. ఈ కౌంటీలో ఆ పదవికి ఎన్నికైన తొలి మహిళ, తొలి శ్వేతజాతేతర వ్యక్తి ఆమే. తుపాకీ హింస నివారణకు ఒక విభాగం, కార్మికుల జీతాలు ఎగ్గొట్టే యజమానులపై, ఆర్థిక నేరాలపై మరో విభాగం పెట్టారు.

మలెంగ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ సాటర్‌బర్గ్, సాటర్‌బర్గ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ మానియన్. ఎన్నికలున్నాయి, పోటీలున్నాయి, కానీ దాదాపు అర్ధ శతాబ్దంగా పగ్గాలు ఒకే గురుపరంపరలో నడిచాయి. దీనివల్ల అనుభవం నిలుస్తుంది, పథకాలు మధ్యలో ఆగిపోవు. మరోపక్క, రోజూ పోలీసులతో కలిసి పనిచేసే కార్యాలయమే పోలీసుపై కేసు తేల్చాల్సి వచ్చినప్పుడు బయటి కన్ను లేదన్న అనుమానమూ నిలిచే ఉంటుంది. 

మన వ్యవస్థలో అయితే

ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో పోలీసులే దర్యాప్తు చేసి చార్జిషీటు వేస్తారు. సెషన్స్ కోర్టు పీపీని రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది, కనీసం ఏడేళ్ల న్యాయవాద అనుభవం ఉండాలి. చార్జిషీటు వేయాలా వద్దా అన్నది దర్యాప్తు అధికారి పని అనీ, ఆ దశలో పీపీ అభిప్రాయం తీసుకోమని ఆదేశించడం చట్టపద్ధతి కాదనీ 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. పీపీ కేసు ఉపసంహరించుకోవాలంటే కోర్టు అనుమతి కావాలి. పోలీసులు కేసు మూసేస్తామన్నా మేజిస్ట్రేట్ ఒప్పుకోనవసరం లేదు, బాధితులు అభ్యంతర పిటిషన్ వేయవచ్చు. నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే బేరం మనకు 2006లోనే వచ్చినా వాడకం అంతంతమాత్రమే. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత జిల్లా స్థాయి ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్‌కు కొంత పాత్ర పెంచింది గానీ, మొత్తం చట్రం మారలేదు.

చట్టంలో ఇంకో తేడా నేరుగా ఈ కేసుకు వర్తిస్తుంది. మన దగ్గర నిర్లక్ష్యంగా వాహనం నడిపి ప్రాణం తీస్తే, ఆ నిర్లక్ష్యమే నేరం. పాత ఐపీసీ 304ఏ కింద రెండేళ్ల దాకా, ఇప్పుడు న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇదే ఘటన జరిగి ఉంటే కేసు నమోదు కావడం వరకు పెద్ద చర్చ ఉండేది కాదు. శిక్ష పడేదా, ఎన్నేళ్లకు పడేది అన్నది వేరే సంగతి. అక్కడ గడప దగ్గరే వడపోత కఠినం, ఇక్కడ గడప సులువు, లోపలి దారి పొడవు.

ఎవరికి జవాబుదారీ

వాషింగ్టన్‌లో పెద్ద నేరంలో ప్రాసిక్యూటర్ కేసు పెట్టనంటే పెట్టమని ఆదేశించే అధికారం జడ్జికి లేదు. గవర్నర్ కోరితే రాష్ట్ర అటార్నీ జనరల్ జోక్యం చేసుకునే వీలుంది, అది అరుదు. కోర్టులో తమ పాత్రకు సంబంధించి ప్రాసిక్యూటర్లపై నష్టపరిహార దావా చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1976లోనే తేల్చింది. మిగిలేది ఓటు. నాలుగేళ్ల లెక్కన కింగ్ కౌంటీలో ఈ పదవికి మళ్లీ ఎన్నిక 2026 నవంబరులో. హెచ్-1బీ వీసాపైనో, విద్యార్థి వీసాపైనో, గ్రీన్ కార్డుపైనో ఉన్నవారికి అందులో ఓటు లేదు. ఆ కౌంటీలోని తెలుగువారిలో ఓటేయగలిగింది పౌరసత్వం వచ్చినవారు, అక్కడే పుట్టి పద్దెనిమిది దాటినవారు మాత్రమే. మిగతావారికి ఉన్న దారులు ప్రజా రికార్డుల చట్టం కింద ఫైలు అడగడం, సివిల్ దావా వేయడం, నగర, కౌంటీ కౌన్సిల్ సమావేశాల్లో మాట్లాడటం. వీటికి పౌరసత్వం అవసరం లేదు.